ముందు, తర్వాత

జనవరి 14

అక్కా,

ఈ ఉత్తరాన్ని నువ్వు కౌంటర్ మీద పరుచుకుని, ఒక చేత్తో బట్టలకి టోకెన్లు కడుతూ చదువుతావని నాకు తెలుసు. సగంలో ఎవరో ఒకరు కోటు పట్టుకొచ్చి నిన్ను లేపేస్తారు. అందుకే అసలు సంగతి మొదటే రాసేస్తున్నాను. కెమెరా కొన్నాను. వాడినదే. మా మెకానిక్ ఒకాయన మోజు తీరి అమ్మేశాడు.

నవ్వకు. నా ఆఫీసు గది నువ్వు చూశావు కదా, కిటికీ అన్నది లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళు ఫోన్ చేస్తూ ఉంటారు. మెకానిక్ చేరేదాకా వాళ్ళని మాటల్లో పెట్టి, కంగారు పడకుండా చూడటం నా ఉద్యోగం. నిన్న ఒకావిడ లిఫ్టులో ఉన్నంతసేపూ తన కోడలి మీద చాడీలు చెప్పి, తలుపు తెరుచుకోగానే మాటైనా చెప్పకుండా ఫోన్ పెట్టేసింది. రోజంతా ముఖం లేని గొంతులతో మాట్లాడి బయటికొస్తే, ఏదో ఒకదాన్ని కళ్ళారా చూడాలనిపిస్తుంది. కెమెరా ఉంటే చూడటానికి ఒక వంక దొరుకుతుంది.

ఎవరు నేర్పుతున్నారని అడుగుతావు. అంతా ఇంటర్నెట్‌లోనే ఉందక్కా, అదీ ఉచితంగా. రిటైరైన లెక్చరర్ ఒకాయన అ ఆల దగ్గర్నుంచి అన్నీ వీడియోలుగా పెట్టాడు. నత్తనడక మనిషి, కానీ నాలాంటి మొద్దుకి అదే మంచిది. ఏ వేళకి ఎండ ఎటునుంచి పడుతుందో చెప్పే యాప్ ఒకటుంది. కెమెరా చేతిలో లేకపోయినా తెరమీదే మీటలు తిప్పి, ఎలా తిప్పితే ఫోటో ఎలా వస్తుందో చూసుకునే వెబ్‌సైట్ ఇంకొకటి. భోజనం వేళలో దాంతోనే ఆడుకుంటున్నాను. వారానికొక పని ఇచ్చే పేజీ కూడా ఉంది. ఈ వారం పని 'నీడ'. మా మెట్ల కింద నీడని తీయబోతుంటే వాచ్‌మన్ వచ్చి, "ఏం పోయిందమ్మా, నేనూ వెతుకుతా" అని టార్చి వేశాడు. నా నీడ కాస్తా పోయింది.

అన్నిటికన్నా గొప్పది ఒక గ్రూపు. మన ఫోటో అందులో పెడితే, తెలిసినవాళ్ళు తప్పులు చెబుతారు. మొహమాటాలు లేవు. అక్కడొక పెద్దమనిషి ముఖం చోట గొడుగు బొమ్మ పెట్టుకుని ఉంటాడు. నేను గొడుగు మాస్టారు అంటాను. నా మొదటి ఫోటో చూసి, "ఇందులో చూడాల్సింది ఏది?" అని ఒక్క ముక్క రాశాడు. ఆ రోజంతా అన్నం సహించలేదు. కానీ ఆలోచిస్తే నిజమే. నన్ను ఇంత శ్రద్ధగా తిట్టినవాళ్ళు ఇంతవరకూ నువ్వు తప్ప ఎవరూ లేరు.

మార్చిలో రెండు రోజులు సెలవు పెట్టి వస్తాను. మన పిల్ల పిచ్చుకకి పదహారు నిండుతాయి కదా, దాన్ని ఫోటో తీసి, గోడకి పెట్టుకునేంత పెద్దది చేయించి ఇస్తాను. దాన్ని అడిగి రాయి. బావ నడుము ఎలా ఉంది? ఇస్త్రీ బల్ల కొంచెం ఎత్తు చేయించుకోమని నేను చెప్పినట్టు చెప్పు.

నీ చెల్లెలు


జనవరి 27

చెల్లీ,

కోటు కాదు, కర్టెన్లు. ఒకాయన ఇంట్లో ఉన్న కర్టెన్లన్నీ ఒకేసారి మోసుకొచ్చి నీ ఉత్తరం మీద పడేశాడు. దుమ్ము దులిపి మళ్ళీ మొదటి నుంచి చదివాను.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు, నిన్ను చూసే అని ఉంటారు. నీ గిటారు మా అటక మీదే ఉంది. నీ అల్లిక సూదులతో మీ బావ ఇస్త్రీ పెట్టె కింద ఆవిరి కన్నాలు పొడుచుకుంటున్నాడు. కెమెరాకి ఎక్కడ చోటు చేయాలా అని ఇప్పటి నుంచే చూస్తున్నాను.

ఫోన్ చేస్తే పోయేదానికి ఈ ఉత్తరాలెందుకని మీ బావ అడుగుతాడు. ఫోన్లో అంతా నువ్వే మాట్లాడతావు, అదీ ఉద్యోగంలో అలవాటైన ఆ మెత్తటి గొంతుతో. నేనే ఎక్కడో లిఫ్టులో ఇరుక్కున్నట్టుంటుంది. కాగితం మీదైతే నా వంతు నాకు దక్కుతుంది. ఇంటర్నెట్ సంగతులు నాకేం తెలుసు. నా ఫోన్ మోగుతుంది, నేను ఎత్తుతాను. దానికీ నాకూ అంతవరకే సంబంధం.

పిచ్చుకని అడిగాను. అడిగి నేనే ఆశ్చర్యపోయాను. నీకు తెలుసు కదా, అది ఫోటో అంటే ఎప్పుడూ ఒక పక్కకే తిరుగుతుంది, మచ్చ లేని పక్కకి. మూడో తరగతిలో పిల్లలు దాని చెంప మీద రబ్బరు పెట్టి రుద్దిన రోజు నుంచి అంతే. స్కూలు వాళ్ళు తీసిన గుంపు ఫోటోల్లో అది చెవి, జడ, అంతే. ఆ ముఖంతో దానికి స్నేహం కుదరడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఇప్పుడు సాయంత్రాలు కౌంటర్ దగ్గర కూర్చుంటోంది. మొన్న ఒక చిన్నపిల్ల "అక్కా, ముఖానికేమైంది?" అంటే, "ఏం కాలేదు, నేను ఇలాగే వచ్చాను" అని టోకెను చేతిలో పెట్టింది. నేను లోపల బట్టల వెనక నిలబడి విన్నాను. కళ్ళు తుడుచుకుని బయటికొచ్చాను.

అలాంటిది, పిన్ని ఫోటో తీస్తుందట అనగానే, "తిన్నగా నిలబడతాను" అంది. నేనడగకుండానే అంది. నువ్వంటే దానికి అంత. అందుకని త్వరగా రా. వచ్చేటప్పుడు గిటారు తీసుకెళ్ళడానికి ఒక సంచీ కూడా తెచ్చుకో.

అక్క


మార్చి 21

అక్కకీ, బావకీ, ముఖ్యంగా పిచ్చుక గారికీ,

ఈ ఉత్తరం కన్నా ముందే మీకు పార్సిల్ అందుతుంది. విప్పేటప్పుడు కత్తెర లోపలికి పోనివ్వకండి, అద్దం ఉంది.

ఆ రెండు రోజులు నా ప్రాణానికి ఎంత హాయిగా ఉన్నాయో రాయలేను. మీ కొట్టు వెనక గది, ఆ ఆవిరి, తీగల మీద తెల్ల దుప్పట్లు, వాటి మీంచి మెత్తబడి వచ్చే పొద్దుటి వెలుగు. వెలుగు మెత్తగా పడాలంటే తెల్లగుడ్డ అడ్డం కట్టాలని లెక్చరర్ గారు ఒక పాఠమంతా చెప్పారు. మీ ఇంట్లో అది రోజూ ఊరికే జరిగిపోతోంది. పిచ్చుక ఎంత ఓపికగా నిలబడిందక్కా. చివరికి బావ నెత్తిన తడి దుప్పటి పడినప్పుడు అది నవ్వింది చూడు, నేను నొక్కింది అదే క్షణాన. ఈ ఫోటో అదే.

దీని మీద చాలా సాయంత్రాలు కూర్చున్నాను. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ముఖాలు దిద్దడానికి పాఠాలు వేరే ఉన్నాయి. పక్క నుంచి చర్మం రంగు కొంచెం కొంచెంగా తీసి, పైన పరుస్తూ రావాలి. తొందరపడితే అతుకు తెలుస్తుంది. నీ భాషలో చెప్పాలంటే మరక తీశాను. ఎక్కడ ఉండేదో నువ్వు కూడా చెప్పలేవు. పిచ్చుక తనని తాను అలా చూసుకుంటే ఎంత మురిసిపోతుందో అనుకుంటూ చేశాను.

ఇంకొక మంచి కబురు. ఫోటో గ్రూపులో పెట్టాను. పెట్టనా అని అక్కడున్నప్పుడే దాన్ని అడిగాను, "సరే పిన్నీ" అంది. గొడుగు మాస్టారు నా పనిని మొట్టమొదటిసారి బాగుందన్నాడు. దిద్దకముందుదీ, దిద్దిన తర్వాతదీ పక్కపక్కన పెడితే కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఉపయోగమన్నాడు. అలాగే పెట్టాను. ఎంతమంది మెచ్చుకున్నారో. నా వయసులో మెప్పుకి ఏడుస్తారా అని నన్ను నేను తిట్టుకున్నాను.

గోడకి మేకు బావ చేత కొట్టించు, నువ్వు కొట్టకు.

ప్రేమతో, పిన్ని ఉరఫ్ చెల్లెలు


ఏప్రిల్ 4

చెల్లీ,

ఫోటో అందింది. అద్దం పగల్లేదు. ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్ళు ఊరుకున్నాను. ఊరుకుంటే లోపల పులుస్తోంది కాబట్టి రాస్తున్నాను.

పొట్లం పిచ్చుకే విప్పింది. కాగితం చించకుండా మడతపెట్టి పక్కన పెట్టింది. ఫోటో ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను ఏదో ఒకటి అనబోయేలోపు, "అమ్మా, నేను ఇలా ఉంటే బాగుండేదాన్ని కదా" అంది. దాని నోట ఆ మాట వినకూడదనే ఇన్నేళ్ళు నేనూ మీ బావా తంటాలు పడ్డాం. నువ్వు ఆ మాటనే ఒక పార్సిల్లో పంపావు.

మరక తీశానన్నావు. మా పనిలో మందు వేసేముందు అది మరకో, బట్ట రంగో చూసుకోవాలి. మీ బావ కొత్తలో ఒక దుప్పటి మీద గోధుమరంగు చుక్కని రుద్ది రుద్ది పోగొట్టాడు. తీరా చూస్తే అది అచ్చు వేసిన పువ్వు నడిమి బొట్టు. దుప్పటి నిండా పువ్వులున్నాయి, అన్నిటికీ బొట్టుంది, ఆ ఒక్కదానికే లేదు. ఆ దుప్పటి తెచ్చినావిడ మళ్ళీ మా కొట్టు మెట్లెక్కలేదు. పిచ్చుక చెంప మీద ఉన్నది దాని రంగు. దాన్ని మరక అన్నది బయటివాళ్ళు. నువ్వు బయటిదానివి కాదనుకున్నాను.

నువ్వు కావాలని చేశావని అనను. ముద్దు కొద్దీ చేశావు, నాకు తెలుసు. మీ గ్రూపులో పదిమంది కూర్చుని టీ తాగుతూ ఫోటో చూశారంటే చూశారు, దానికి నాకు బాధ లేదు. నాకొకటి చేసిపెట్టు. అసలుది పంపు. అది తిన్నగా నిలబడి నవ్విన ఫోటో ఇంతవరకూ మా ఇంట్లో లేదు. అది గోడకి పెడతాను.

ఇప్పటికి నువ్వు పంపిందే దాని బల్ల మీద ఉంది. తీయబోతే తీయనివ్వలేదు.

అక్క


ఏప్రిల్ 22

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో చదివాను. ఆ వెంటనే ఫోన్ మోగింది. లిఫ్టులో ఇద్దరు ముసలివాళ్ళు. "కంగారు పడకండి, నేనున్నాను" అని చెబుతూ నేను ఏడుస్తున్నాను. వాళ్ళే నన్ను ఓదార్చారు.

పిల్లలు లేనిదానివి, నీకేం తెలుసు అని నువ్వు రాయలేదు. కానీ రెండుసార్లు చదివాక నాకు అదే వినపడింది. బయటిదాన్ని అన్నావు. దాని ముఖాన్ని ఎన్ని సాయంత్రాలు తెరమీద పెట్టుకుని కూర్చున్నానో నీకు తెలుసా? ఒక్కొక్క వెంట్రుకా, ఒక్కొక్క రేఖా నాకు కంఠతా వచ్చు. నువ్వు కూడా దాన్ని అంత దగ్గర్నుంచి చూసి ఉండవు.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకు. కాకి పిల్ల కాకికి ముద్దు. ఇంట్లో మనకి ముద్దే. రేపు అది చదువనీ, ఉద్యోగమనీ బయటికెళ్తే లోకం నీలాగా బట్టల వెనక నిలబడి కళ్ళు తుడుచుకోదు. అది ఎలా ఉండగలదో దానికి చూపించాను, అంతే. "బాగుండేదాన్ని కదా" అన్నది నిజమే కదా. నిజం అంటే నీకు ఎందుకంత భయం?

అసలుది అడిగావు. మనసొప్పడం లేదక్కా. అది సగం చేసిన పని. సగం ఉతికిన బట్ట నువ్వు కౌంటర్ మీద పెట్టి ఇస్తావా?

గ్రూపు గురించి నీకు బాధ లేదన్నావు, అంతవరకు సంతోషం. ఇప్పుడు నా పని ఇంకా పైకి వెళ్ళింది. ఫోటోలు ఉచితంగా పంచే వెబ్‌సైట్ ఒకటుంది. పేరులేనివాళ్ళ పని నలుగురి కంటా పడాలంటే అదే దారి అని పాఠాల్లో చెప్పారు. 'ఎవరైనా, దేనికైనా, అడక్కుండా వాడుకోవచ్చు' అన్న గడిలో టిక్కు పెట్టాలి. ఫోటోలో ఉన్న మనిషి ఒప్పుకున్నారా అనీ అడుగుతారు. పిచ్చుక సరే అంది కాబట్టి దానికీ పెట్టాను. ముందు, తర్వాత కలిపిన ఆ ఫోటోని వేలమంది దించుకున్నారు. మన ఇంట్లో ఇంతవరకూ ఎవరి చేతి పనినీ అంతమంది చూడలేదు. నాన్న ఉంటే చెప్పుకునేవాడు.

నువ్వు మాత్రం మెచ్చుకోవు. పోనీలే.

చెల్లెలు


జూన్ 9

నువ్వు పంపనన్న అసలు ఫోటో నాకు దొరికింది.

సోమవారం కొట్టు తెరిచేసరికి తలుపు కింద నుంచి ఎవరో తోసిన కాగితం ఉంది. మన కొట్టుకి రెండు వీధుల అవతల చర్మానికి చికిత్స చేసే క్లినిక్ కొత్తగా పెట్టారు. వాళ్ళ కరపత్రం. ఎడమ పక్క పిచ్చుక, కింద 'ముందు'. కుడి పక్క పిచ్చుక, కింద 'తర్వాత'. పైన ఇంత లావు అక్షరాలతో, 'ఈ ముఖంతో ఎన్నాళ్ళు?'

నువ్వు చెప్పింది నిజం, చాలా మంచి ఫోటో. అది అంత హాయిగా నవ్వింది నేనెప్పుడూ చూడలేదు. ఆ నవ్వు కింద 'ముందు' అని రాశారు.

అది నాకన్నా ముందే చూసింది. వీధిలో అన్ని తలుపుల కిందా ఉన్నాయి. స్కూలుకి వెళ్తూ దారి పొడుగునా ఏరుకుంటూ వెళ్ళిందట. సాయంత్రం బ్యాగు తెరిస్తే పుస్తకాల మీద ఇవే కుక్కి ఉన్నాయి. బస్ స్టాప్‌లో అద్దం వెనక పెద్దది పెట్టారు. అది మాత్రం ఏరడానికి రాలేదు.

ఒకాయన కోటు తీసుకుంటూ, "మీ అమ్మాయి ప్రకటనల్లో చేస్తోందా, చెప్పనేలేదే" అన్నాడు. ఇంకొకావిడ, "మంచి పని చేశారు, ఇప్పుడైనా చేయిస్తున్నారు" అంది. మీ బావ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసి వెనక్కి వెళ్ళిపోయాడు. పిచ్చుక కౌంటర్ దగ్గరికి రావడం మానేసింది. జుట్టు ఆ పక్కకి దువ్వుకుంటోంది.

ఎంతకి ఇచ్చావు? ఉచితంగా పంచానన్నావు గానీ, ఏమీ రాకుండా ఎవరైనా సొంత అక్క కూతుర్ని, కన్నకూతురి కన్నా ఎక్కువ అనుకున్న పిల్లని ఇలా ఇచ్చేస్తారా? కాకి పిల్ల అన్నావు. కాకి కూడా తన గుంపులో పిల్లని పట్టుకెళ్ళి గద్దకి ఇవ్వదు.

కాలు జారితే తీసుకోవచ్చు. నోరు జారినా నేను కడుపులో పెట్టుకునేదాన్ని. ఇది ఎలా తీసుకోవాలో నువ్వే చెప్పు. లిఫ్టులో ఉన్నవాళ్ళకి చెప్పినట్టు మాత్రం చెప్పకు.


జూన్ 18

అక్కా,

నేను అమ్మలేదు. నువ్వు ఏ ప్రమాణం చేయమంటే ఆ ప్రమాణం చేస్తాను. పైసా ఎవరూ ఇవ్వలేదు, నేను అడగలేదు. ఇంత చెడు ఊరికే జరిగిందంటే నమ్మడం కష్టమే. నాకే నమ్మకం కలగడం లేదు.

నీ ఉత్తరం అందిన రోజే క్లినిక్‌కి ఫోన్ చేశాను. వాళ్ళ మేనేజర్ లైన్లోకి వచ్చాడు. మెత్తటి గొంతు. "కంగారు పడకండి మేడం, అన్నీ నిబంధనల ప్రకారమే ఉన్నాయి. ఎవరైనా వాడుకోవచ్చని మీరే టిక్కు పెట్టారు కదా" అన్నాడు. మైనరు పిల్ల అన్నాను. "మనిషి ఒప్పుకున్నారని కూడా మీరే పెట్టారు" అన్నాడు. నేను ఇన్నేళ్ళుగా మాట్లాడే గొంతే అక్కా. అవతల ఉన్నవాళ్ళకి అది ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది.

వెబ్‌సైట్‌కి రాశాను. వాళ్ళ దగ్గర తీసేశారు. అప్పటికే దించుకున్నవాళ్ళ జోలికి తాము వెళ్ళలేమన్నారు. లాయరుకి చూపించమంటే చూపిస్తాను. కానీ ఒక చోట ఆపితే ఇంకొక చోట తేలుతోంది. సబ్బు మీద ఒకటి, ఏదో నూనె మీద ఒకటి కనపడ్డాయి. అవి ఏ భాషలో ఉన్నాయో కూడా నాకు తెలియలేదు.

గ్రూపులో అంతా రాసి, ఏం చేయమంటారని అడిగాను. గొడుగు మాస్టారు, "మంచి ఫోటోకి కాళ్ళొస్తాయి" అన్నాడు. ఒకడు ఆ కరపత్రం ఫోటో పెట్టమని అడిగి, అచ్చులో రంగులు సరిగా రాలేదని బాధపడ్డాడు. ముందుగానే ఫోటో మూలన పేరు అచ్చు వేసుకుంటే ఈ గొడవ ఉండేది కాదని, దానికి పనికొచ్చే వెబ్‌సైట్ ఒకటి ఇంకొకడు పంపాడు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. ఒక్కరూ పిచ్చుక ఎలా ఉందని అడగలేదు. గ్రూపులోంచి వచ్చేశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని తెలుసు. కాకి పిల్ల అన్న మాట రాయకుండా ఉండాల్సింది. అసలుది అడిగినప్పుడే పంపి ఉండాల్సింది. ఇప్పుడు కవర్లో పెట్టి పంపుతున్నాను, గోడకి పెడతావో పొయ్యిలో పెడతావో నీ ఇష్టం.

నేను వస్తాను. కెమెరా తీసుకురాను. ఒక్కసారి పిచ్చుకతో మాట్లాడనీ. నేను ఆ పని ఎంత ప్రేమగా చేశానో చెప్పనీ. నువ్వు రమ్మంటే మర్నాడే బయల్దేరతాను.

చెల్లెలు


జూలై 6

చెల్లీ,

అమ్మావని అన్నందుకు ఏమీ అనుకోకు. అమ్మి ఉంటేనే నయమనిపించింది నాకు. అప్పుడు నిన్ను తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియడం లేదు. మీ లెక్చరర్ మంచివాడే, మీ గొడుగు ఆయన మంచివాడే, నువ్వూ మంచిదానివే. ఇంతమంది మంచివాళ్ళు కలిసి నా పిల్లని వీధిలో నిలబెట్టారు.

ఇక్కడ జరిగింది చెప్పాలి. నీ కవరు అందిన మర్నాడు పిచ్చుక స్కూలు నుంచి ఇంటికి రాలేదు. తిన్నగా ఆ క్లినిక్‌కి వెళ్ళింది, ఒక్కతే. బొమ్మ తీసేయమని పోట్లాడటానికి వెళ్ళి ఉంటుందని మొదట నేను గర్వపడ్డాను. అది కాదు. ఎన్నిసార్లు రావాలి, నొప్పి పెడుతుందా అని అడగడానికి వెళ్ళింది.

కౌంటర్లో ఉన్న అమ్మాయి దీని ముఖం చూసింది, గోడ మీద దీని ఫోటో చూసింది. గొంతు తగ్గించి, "అయ్యో, మళ్ళీ వచ్చిందా?" అని అడిగింది. పాపం, వాళ్ళు బాగుచేసిన పిల్లేననుకుంది. పక్కన కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా తలెత్తి దీన్నీ చూశారు, గోడనీ చూశారు. అంతలో లోపల్నుంచి మేనేజర్ వచ్చాడు. నీతో మెత్తగా మాట్లాడినాయనే అయ్యుంటాడు, దీనితోనూ అంత మెత్తగానే, "ఇటు రామ్మా, వీళ్ళు చూస్తే బాగుండదు" అని భుజం మీద చెయ్యి వేసి వెనక తలుపు నుంచి సందులోకి పంపించేశాడు.

ఇంటికొచ్చి ఇదంతా తనే చెప్పింది, వేరే ఎవరికో జరిగినట్టు చెప్పింది. ఏడవలేదు. మీ బావ ఏడ్చాడు. మర్నాడు ఆయన వెళ్ళి వాళ్ళ గుమ్మంలో నిలబడి కేకలేస్తే, బస్ స్టాప్‌లో బొమ్మ మార్చారు. ఇప్పుడు అక్కడ ఎవరిదో మోకాలు ఉంది. ఆ మోకాలు ఎవరి పిల్లదో అనుకుంటూ బస్సెక్కుతున్నాను.

నువ్వు పంపిన అసలుది గోడకి పెట్టబోయాను. "వద్దమ్మా" అంది. "కరపత్రంలాగా ఉంటుంది" అంది. నిజమే. అందరూ చూసేశాక అది మా ఇంటి ఫోటోగా మిగల్లేదు. బీరువాలో బట్టల కింద పెట్టాను. దాని బల్ల మీద ఇప్పటికీ ఆ రెండోదే ఉంది.

నిన్ను రమ్మనే రాద్దామనుకున్నాను. ఎంతైనా ఒక కడుపున పుట్టినవాళ్ళం, తిట్టుకుంటే తిట్టుకుంటాం. పెన్ను పట్టుకున్నాక దాన్ని అడిగాను. కింద కొంచెం చోటు వదలమంది, తనే రాస్తుందట. ఏం రాస్తుందో నేను చూడను. అంటించి పంపేస్తాను.

అక్క

పిన్నీ,

నిన్ను రావద్దంటున్నది నేనే, అమ్మ కాదు. అమ్మ మీద కోపం తెచ్చుకోకు.

క్లినిక్ వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకి నేనెవరో తెలియదు. స్కూల్లో నవ్వేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు, వాళ్ళూ అలవాటే.

నువ్వు ఇక్కడున్న రెండు రోజులూ కెమెరా కంటికి పెట్టుకుని నా చుట్టూనే తిరిగావు. కొంచెం ఇటు తిరుగు, తల ఎత్తు, వెలుగు ఎంత బాగా పడుతోందో అన్నావు. నన్ను ఎవరూ ఎప్పుడూ అంతసేపు చూడలేదు. చూసినా వెంటనే కళ్ళు తిప్పేసుకుంటారు. నువ్వు తిప్పుకోలేదు. అందుకే నాకు అంత నవ్వొచ్చింది, నాన్న మీద దుప్పటి పడినందుకు కాదు.

అప్పుడే ఎలా తీసేయాలా అని చూస్తున్నావని నాకు తెలియలేదు.

పిచ్చుక